బావా, జూలీ కోసం డాక్టరును ఇంటికే పిలువు

పర్లాకిమిడి,
ఆదివారం.

బావా,

నీ ఉత్తరం అందింది. జూలీకి వెనక కాళ్ళు పట్టు తప్పుతున్నాయని, ఆటో ఎక్కించబోతే కేకలు పెడుతోందని, అత్తయ్య దాని పక్కనే చాప వేసుకుని పడుకుంటోందని చదివి మనసు పాడైంది. చివర్లో ఒక మాట రాశావు చూడు, "కుక్క కోసం డాక్టరును ఇంటికి పిలిస్తే రాయగడలో నలుగురూ నవ్వరా?" అని. ముందు దానికే జవాబు చెబుతాను. నవ్వనీ. 11 ఏళ్ళుగా మీ గుమ్మం కాసిన ప్రాణి అది. మన తాతల కాలంలో ఎద్దుకు జబ్బు చేస్తే వైద్యుడే పశువుల శాలలోకి వచ్చేవాడు. అప్పుడు ఎవరూ నవ్వలేదు కదా.

మా జిమ్మీకి పోయిన వానాకాలంలో ఇలాగే కుంటు పట్టుకుంది. ఆసుపత్రికి తీసుకువెళితే అక్కడి మందుల వాసనకు, మిగతా కుక్కల అరుపులకు బిగుసుకుపోయి బల్ల మీద కదలకుండా నిలబడింది. భయంలో ఉన్న జంతువు నొప్పిని దాచుకుంటుంది బావా. అందుకని మరో డాక్టరుగారిని ఇంటికి రమ్మన్నాం. భుజాన సంచి వేసుకుని మోటారు సైకిలు మీద వచ్చారు. వచ్చీ రాగానే దాన్ని పట్టుకోలేదు. అరుగు మీద కూర్చుని టీ తాగుతూ, మాతో ఆ మాటా ఈ మాటా చెబుతూ, దాన్నే గమనిస్తున్నారు. కాసేపటికి జిమ్మీ లేచి హాల్లోకి నడిచింది. నున్నటి టైల్స్ మీద వెనక కాళ్ళు పక్కకు జారాయి, గోళ్ళు టకటకమని నేలకు కొట్టుకున్నాయి. ఆయన కప్పు పక్కన పెట్టి, "గోళ్ళు ఇంత పెరిగితే పాదం నేలకు ఎలా ఆనుతుంది?" అన్నారు.

తర్వాత నేల మీదే కూర్చుని దాన్ని ఒళ్ళోకి తీసుకున్నారు. కాలివేళ్ళ సందులు విడదీసి చూస్తే రక్తం పీల్చే గోమార్లు. చెవుల లోపలి మడతల్లోనూ అవే. పై పెదవి ఎత్తి చిగురును బొటనవేలితో నొక్కి వదిలారు. నొక్కిన చోట తెల్లబడి, వెంటనే గులాబి రంగు తిరిగి రావాలట. మా జిమ్మీకి చిగుళ్ళే పాలిపోయి ఉన్నాయి. ముందు కాలి మీద కాస్త వెంట్రుకలు గొరిగి, రక్తం తీసి పరీక్షకు పంపారు. గోమార్ల వల్ల వచ్చే జ్వరం, ఎర్లికియా అని తేలింది. డాక్సీసైక్లిన్ బిళ్ళలు నాలుగు వారాలు, అన్నంలో కలిపి. గోళ్ళు కత్తిరించారు, హాల్లో గోనె పట్టాలు పరవమన్నారు. ఇప్పుడు గుమ్మంలో సైకిలు బెల్లు వినిపిస్తే చాలు, అందరికంటే ముందు అదే పరుగెడుతుంది. ఆ టైల్స్ సంగతి ఆసుపత్రి బల్ల మీద ఎవరికి తెలుస్తుంది చెప్పు? డాక్టరు ఇంటికి రావడం విలాసం కాదని నేను ఇంత గట్టిగా అనేది అందుకే. జంతువు ఎక్కడ పడుకుంటుంది, ఏ నీళ్ళు తాగుతుంది, ఎలా లేస్తుంది, అన్నీ ఆయన కళ్ళతో చూస్తారు.

అలాగని ఇంట్లో అన్నీ కుదరవు. ఎక్స్‌రే తీయాలన్నా, కోత పెట్టాలన్నా, పార్వో అనే వాంతులు, విరేచనాల జబ్బు పట్టిన కుక్కపిల్లకు రోజుల తరబడి సెలైన్ ఎక్కించాలన్నా ఆసుపత్రికి పోవలసిందే. జూలీకి వెన్నులో ఏదైనా ఉందని డాక్టరుగారు అనుమానిస్తే, పార్వతీపురం, బొబ్బిలి మీదుగా గరివిడి పశువైద్య కళాశాలకు కారు మాట్లాడుకో. కానీ ఆ ప్రయాణం అవసరమా కాదా అన్నది ఇంటికి వచ్చిన డాక్టరు చెప్పాక నిర్ణయించుకో. ఊరికే అంత దూరం ఆ ముసలి ప్రాణాన్ని కుదిపి తీసుకుపోవద్దు.

ఇంకో సంగతి, ఇది తప్పకుండా చెయ్యి. ఆయన రాకముందే టీకాల పుస్తకం వెతికి పెట్టుకో. కాళ్ళు పడిపోతున్నాయని చెప్పగానే వాళ్ళు అడిగేది అదే, ఎందుకంటే రేబిస్‌లోనూ కాళ్ళు పట్టు తప్పుతాయి. ఆ జబ్బు లక్షణాలు ఒకసారి బయటపడితే కుక్కా బతకదు, మనిషీ దాదాపు బతకడు. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం దాకా కుక్కల వల్లే. అత్తయ్య దాని పక్కనే పడుకుంటోంది కాబట్టి మరీ మరీ చెబుతున్నాను. టీకా ఏటేటా పడి ఉంటే నీ గుండె మీది సగం బరువు అక్కడే దిగిపోతుంది. 1885 జులై 6న పాశ్చర్ ఒక పిల్లవాడికి మొదటిసారి ఆ టీకా వేయించాడు. అందుకే ఏటా జులై 6న జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం జరుపుతారు, ఆ రోజు చాలా చోట్ల ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. మీ వైపు ఎప్పుడు వేస్తారో కనుక్కుని ఉంచుకో.

పశువైద్య బండిని ఇంటి దగ్గరికి పంపే 1962 నంబరుకు ఫోను చేయమంటావా అని అడిగావు. చెయ్యి, తప్పు లేదు. కానీ ఆ బండ్లు ముఖ్యంగా ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకల కోసం. లక్ష పశువులకు ఒక బండి లెక్కన కేంద్రం డబ్బు ఇస్తుంది. బండిలో ఒక డాక్టరు, ఒక సహాయకుడు, డ్రైవరు ఉంటారు. ఆంధ్రలో 2022 మే నెలలో 175 బండ్లతో మొదలుపెట్టారు. నది దాటితే పాతపట్నం కదా, అక్కడ మా పిన్ని గేదె ఈనేటప్పుడు దూడ అడ్డం తిరిగితే ఆ బండే వచ్చి రెండు ప్రాణాలనూ కాపాడింది. నేనొకసారి మా పెరట్లో నిలబడి ఆ నంబరుకు చేస్తే ఆంధ్ర టవరు తగిలి, "మీది ఏ మండలం?" అని అడిగారు. మాది ఒడిశాలోని గజపతి జిల్లా అని చెప్పి, వీధిలోకి వచ్చి మళ్ళీ చేశాను. సరిహద్దులో ఉన్నవాళ్ళకు ఇలాంటివి తప్పవు. జూలీ విషయంలో మాత్రం మీ ఊళ్ళోనే ఇళ్ళకు వచ్చే డాక్టరు ఎవరో కనుక్కోవడం మేలు.

ఇక డబ్బు. నువ్వు మొహమాటపడుతూ రాశావు గానీ, నాకు దీని మీద గట్టి అభిప్రాయమే ఉంది. డాక్టరును పిలిచేటప్పుడే అడుగు: ఇంటికి వస్తే ఎంత, సూదిమందు వేస్తే ఎంత, మళ్ళీ చూడటానికి వస్తే ఎంత అని. ఇలా అడిగినంత మాత్రాన దాని మీద ప్రేమ లేనట్టు కాదు. మంచి డాక్టరు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు. మా డాక్టరుగారు ఇంటికి వచ్చినందుకు 500 తీసుకుంటారు, మందులు వేరు. "ఈ పరీక్ష ఇప్పుడే చేయించాలా, వారం ఆగవచ్చా?" అని అడిగితే ఉన్నదున్నట్టు చెబుతారు. పశువైద్య సేవ మీద జీఎస్టీ లేదు, కాబట్టి ఎవరైనా బిల్లులో చూపిన రుసుము మీద పన్ను వేస్తే ఎందుకని అడుగు. 2025 మార్చిలో కేంద్రం పశువులకు చౌకగా జెనరిక్ మందులు అందించే పశు ఔషధి పథకాన్ని ఆమోదించింది. మీ వైపు ఆ మందులు దొరుకుతున్నాయేమో విచారించు, రోజూ వేయవలసినవైతే చాలా తేడా పడుతుంది.

పోస్టాఫీసులో జూలీ పేరు చెప్పుకుని ఆర్‌డీ, అదే నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్ కడతానన్నావు. వద్దు బావా. నెలకు 100 నుంచీ కట్టవచ్చు, అది నిజమే. కానీ అది అయిదేళ్ళ ఖాతా. మూడేళ్ళు నిండకుండా మూయనివ్వరు, పన్నెండు వాయిదాలు కట్టాక సగం వరకు అప్పు మాత్రం ఇస్తారు. జంతువు జబ్బు పన్నెండు వాయిదాల దాకా ఆగదు కదా. దాని బదులు మామూలు పొదుపు ఖాతా ఒకటి విడిగా తెరిచి, జీతం వచ్చిన రోజే కొంత అందులో వెయ్యి. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు. ఈ ఇంట్లో మేము చేస్తున్నది అదే. మొన్న రాత్రి జిమ్మీ ఏదో తిని వాంతులు చేసుకుంటే, ఎవరి దగ్గరా చేబదులు అడగకుండా డాక్టరుకు ఫోను చేయగలిగాం.

బీమా సంగతి కూడా అడిగావు. పాడి ఆవుకైతే ప్రభుత్వ పథకం ఉంది, చెవికి పన్నెండు అంకెల పోగు వేస్తారు, ప్రీమియంలో రైతు వాటా 15 శాతమే. కుక్కలకు ప్రైవేటు పాలసీలు ఉన్నాయి గానీ వాటికి వయోపరిమితి ఉంటుంది. ముందునుంచీ ఉన్న జబ్బులకు డబ్బు ఇవ్వరు, టీకాల పుస్తకం చూపించమంటారు. జూలీకి ఇప్పుడు ప్రయోజనం లేదు. పిల్లలు కొత్త కుక్కపిల్ల కావాలంటున్నారన్నావు, దానికైతే మొదటి ఏడాదే ఆలోచించు.

మీ వీధిలో ఇంకా ఎన్ని ఇళ్ళల్లో కుక్కలు, పిల్లులు ఉన్నాయో ఒకసారి అడిగి చూడు. మా వీధిలో నాలుగైదు ఇళ్ళవాళ్ళం కలిసి ఒకే రోజు డాక్టరుగారిని పిలుస్తాం. మా అరుగు మీదే అందరి జంతువులకూ టీకాలు, నులిపురుగుల మందు అయిపోతాయి. ఇంటికి వచ్చిన రుసుము అందరం పంచుకుంటాం. ఎదురింటి ఒడియా మావుసి (పిన్ని) గారి పిల్లిని చూడాలి నువ్వు, బుట్టలో పెట్టి వీధి చివరిదాకా కూడా తీసుకుపోలేరు, అంత మొండిది. ఆమె ఒడిలోనే కూర్చుని టీకా వేయించుకుంది! దానికి ఒళ్ళు వెచ్చబడిందని వాళ్ళ అబ్బాయి పారాసెటమాల్ వేయబోతే ఆ రోజే డాక్టరుగారు ఆపారు. పిల్లికి ఆ మందు ఒక్క బిళ్ళైనా ప్రాణాల మీదికి తెస్తుంది. కుక్కకు ఐబుప్రొఫెన్ కడుపునూ మూత్రపిండాలనూ పాడుచేస్తుంది. జూలీ మూలిగినా సరే, అత్తయ్య మోకాళ్ళ నొప్పుల బిళ్ళ మాత్రం దానికి వేయవద్దు. జ్వరం ఉందో లేదో కూడా చేత్తో చూసి చెప్పలేవు, దాని ఒళ్ళు మామూలుగానే 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ డిగ్రీల వేడి ఉంటుంది.

ఇప్పటికి ఇంతే చెయ్యి. రేపే డాక్టరుతో మాట్లాడు. అది లేచి నడిచేటప్పుడు ఫోనులో వీడియో తీసి ఉంచు, ఆయన వచ్చినప్పుడు నిద్రపోతున్నా చూపించడానికి పనికొస్తుంది. తిండి, నీళ్ళు, మూత్రం ఎప్పటికప్పుడు ఒక కాగితం మీద రాసి పెట్టు. అది నడిచే దారిలో పాత గోనెలు పరిచెయ్యి, అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఖర్చు మరీ ఎక్కువైతే నాకు చెప్పు, నీకూ నాకూ మధ్య లెక్కలేమిటి.

బుధవారం సాయంత్రం ఫోను చేస్తాను, డాక్టరుగారు ఏమన్నారో అంతా చెప్పాలి. అత్తయ్యకు నా నమస్కారాలు, చెల్లెమ్మనూ పిల్లలనూ అడిగానని చెప్పు.

నీ
బావ