తారాజువ్వ మోటారు కాదు

సంపాదకులకు,

అయ్యా,

గత ఆదివారం మీ పిల్లల పేజీలో కిట్‌తో మోడల్ రాకెట్ బూస్ట్ గ్లైడర్ (రాకెట్ లాగా పైకి లేచి, మోటారును విడిచి, రెక్కలతో తేలుతూ దిగే బొమ్మ విమానం) తయారుచేసే విధానం ప్రచురించినందుకు సంతోషించాను. కానీ అందులో చివరి వాక్యం, ‘మోటారు దొరకనివారు దీపావళి తారాజువ్వను కట్టుకోవచ్చు’ అన్నది, చదివి కలవరపడ్డాను. ఇక్కడ మోటారు అంటే మందు నింపిన చిన్న గొట్టం. ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పినవాడిని. అమెరికాలో మా అమ్మాయి ఇంట ఉన్న ఆరు నెలల్లో మనవడితో కలిసి ఇలాంటి గ్లైడర్‌నే కట్టాను కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఈ మోడల్ రాకెట్ల అభిరుచి పుట్టిందే అటువంటి సాహసాలను ఆపడానికి. 1957లో సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరాక, ఆ ఉత్సాహంలో అమెరికా కుర్రాళ్లు ఇనుప గొట్టాల్లో మందు కూరి చేతులూ కళ్లూ పోగొట్టుకుంటుంటే, నెబ్రాస్కాలో చెప్పుల దుకాణం నడిపే ఆర్విల్ కార్లైల్ అంతకుముందే రూపొందించిన కాగితపు గొట్టం మోటారు వారికి ప్రత్యామ్నాయమైంది. అది వాడి పారేసేది, ఇంట్లో నింపవలసిన పనిలేనిది. 1958లో వెర్న్ ఎస్టెస్ స్థాపించిన కంపెనీ ఆ మోటార్లను యంత్రంతో తయారుచేసి ఊరూరా అందించింది. అక్కడి రాకెట్ అభిరుచిదారుల సంఘం భద్రతా నియమావళి నేటికీ కర్మాగారంలో తయారై ధ్రువీకరణ పొందిన మోటార్లనే వాడమంటుంది. చిన్న మోటార్లకు కూడా పదిహేను అడుగుల దూరం నుంచి, విద్యుత్తుతోనే నిప్పు పెట్టమంటుంది.

ఏ8-3 అనే మోటారులో ‘ఏ’ అంటే మొత్తం తోపు 2.5 న్యూటన్-సెకన్లకు మించదని, 8 అంటే సగటు తోపు ఎనిమిది న్యూటన్లని, 3 అంటే మందు కాలిపోయాక మూడు సెకన్లకు చిన్న పేలుడు జరిగి మోటారు ఉన్న గొట్టం గ్లైడర్ నుంచి విడిపోతుందని అర్థం. బూస్ట్ గ్లైడర్ బతికేది ఆ మూడు సెకన్ల లెక్క మీదే. తారాజువ్వకు ఆ లెక్క లేదు; దాన్ని నిటారుగా నడిపేది వెనకనున్న పొడవాటి కర్ర. కర్ర తీసి రెక్కకు కడితే అది ఎటు తిరుగుతుందో కట్టినవాడికే తెలియదు. పైగా నిప్పురవ్వలు చిమ్ముతుంది, గ్లైడర్ రెక్కల తేలికపాటి బాల్సా చెక్క ఇట్టే అంటుకుంటుంది. తారాజువ్వ కట్టిన పిల్లవాడు మరునాడు దాన్ని విప్పి మందు తీసి మరో గొట్టంలో కూరడని ఎవరు హామీ ఇస్తారు? లైసెన్సు లేకుండా పేలుడు పదార్థాలు తయారుచేయడం 1884 నాటి చట్టం ప్రకారం నేరం కూడా.

మీ వ్యాసం వదిలేసిన అసలు విషయం మరొకటి ఉంది. పైకి వెళ్లేటప్పుడు ముక్కు బరువుగా ఉండాలి, అప్పుడే సూటిగా పోతుంది. దిగేటప్పుడు బరువు రెక్క కిందికి రావాలి, అప్పుడే తేలుతుంది. ఒకే వస్తువుకు రెండు బరువు కేంద్రాలు ఎలా సాధ్యం? ముందున్న మోటారు గొట్టం జారిపోవడంతోనే. గొట్టాన్ని పట్టి ఉంచే చిన్న కొక్కెం వేలితో తాకితే జారేంత వదులుగా ఉండాలి. మేము మొదటిసారి రంగు వేసినప్పుడు ఆ సందులో రంగు గడ్డకట్టడం గమనించలేదు. గొట్టం ఊడలేదు, గ్లైడర్ ముక్కు నేలకు గుచ్చుకుని కుడి రెక్క విరిగింది. గొట్టం ఊడినా, అది మెల్లగా దిగడానికి కట్టిన రిబ్బను గ్లైడర్ తోకకు చుట్టుకుని రెండూ కలిసి కూలే ప్రమాదమూ ఉంది. అక్కడివారు దాన్ని ‘రెడ్ బారన్’ అంటారు.

విరిగినదాని బదులు చేసిన కొత్త రెక్కను ఉప్పుకాగితంతో రుద్దడానికి మనవడికి రెండు సాయంత్రాలు పట్టింది: ముందు అంచు గుండ్రంగా, వెనక అంచు పల్చగా. తోక దగ్గర రెండు చుక్కల జిగురు ఎక్కువైతే, దాన్ని తూచడానికి ముక్కుకు అంతకంటే ఎక్కువ మట్టి పెట్టాల్సి వచ్చింది. తరువాత మోటారు లేకుండా, గడ్డి మీద, గాలికి ఎదురుగా, భుజం ఎత్తు నుంచి మెల్లగా వదిలాము. ముక్కు లేచి, ఆగి, పడి, మళ్లీ లేస్తే ముక్కున చిటికెడు మట్టి అంటించాలి. సూటిగా నేలకు దూకితే తీయాలి. పదిహేను ఇరవై సార్లు వదిలాక, అది ఎడమకు వాలుతూ నెమ్మదిగా దిగడం మొదలైంది. ఆ మర్నాడు మోటారుతో ఎగిరి దాదాపు నలభై సెకన్లు తిరిగి, పక్క వీధి తోటలో దిగింది. మనవడు చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు!

మోటారు దొరకని మన పిల్లలు ఇదే గ్లైడర్‌ను రబ్బరు బ్యాండుతో ఎగరేసినా ఈ పాఠమంతా చేతికి అందుతుంది. కాబట్టి తారాజువ్వ సలహాను ఉపసంహరిస్తూ ఒక సవరణను, చేతితో ఎగరేసి బరువు సరిచూసే పద్ధతితో సహా, అదే పేజీలో, మొదటిసారి వేసినంత పెద్ద అక్షరాలలో, దీపావళి మందులు అంగళ్లకు రాకముందే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
తెనాలి