కట్టె మన కూలి కాకూడదు బిడ్డా

చిరంజీవి బిడ్డకు నాయిన ఆశీస్సులు.

కాలనీ వాళ్లకని నువ్వు తయారు చేసిన కొటేషన్ వాట్సాప్‌లో చూశాను. ప్రతి చెట్టుకీ ఒక నంబరు, ఫొటో, ఏ కొమ్మ ఎక్కడ తీయాలో ఎర్ర గీత, తీయకపోతే ఏమవుతుందో పక్కన రెండు ముక్కలు. ఫారెస్ట్రీ చదివిన పిల్ల రాసిన కాగితంలాగే ఉంది. చాలా సంతోషం అనిపించింది, అమ్మకు కూడా చదివి వినిపించాను. అన్నీ బాగున్నాయి గానీ కింద చివరి లైను మాత్రం తీసెయ్. 'కట్టెలు మాకే ఇచ్చేస్తే బిల్లులో తగ్గింపు' అని రాశావు కదా, అది. ఎందుకు తీసెయ్యమంటున్నానో ఫోన్లో చెబితే సగంలో తెగిపోతుంది, అందుకే రాస్తున్నాను.

హైదరాబాద్‌లో చెట్ల పని ఎట్లా నడుస్తుందో చూస్తూనే ఉన్నావు. ఇంటాయన కబురు చేస్తాడు, అడ్డా మీద నుంచి నలుగురు వస్తారు. 'పైసలు వద్దు సార్, కట్టె మేం తీస్కపోతం' అంటారు. ఇంటాయనకు రూపాయి ఖర్చు లేదు కాబట్టి సరే అంటాడు. ఇక అక్కడి నుంచి రంపం ఎటు పోతుందో ఆలోచించు. కిటికీకి తగిలే సన్న కొమ్మల్లో కట్టె ఏముంటుంది? లావు కొమ్మలో ఉంటుంది, మానులో ఉంటుంది. సాయంత్రానికి ట్రాలీ నిండాలంటే కిటికీ దగ్గర కొమ్మతో ఆగితే కుదరదు. అందుకే 'ఇది కూడా పడిపోయేటట్టుంది సార్' అనే మాట మొదలవుతుంది. ఇంటాయనకు చెట్టు సంగతి తెలియదు, భయపడి ఊ అంటాడు.

ఇంకో సంగతి. వేప అయితే ఉచితంగా కొట్టిపోయేవాళ్లు పది మంది దొరుకుతారు. తురాయి అయితే ఎవరూ రారు, ఎందుకంటే అది గుల్ల కట్టె, కట్టెలు అమ్మే అడితిలో అడిగేవాడు లేడు. ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలి కొట్టినప్పుడు కార్ల మీద పడేవి ఎక్కువగా ఆ తురాయిలు, పచ్చ తురాయిలే. అంటే గట్టిగా నిలబడిన వేప పోతుంది, పడబోయే తురాయి మిగులుతుంది. ఏ చెట్టు ఉండాలో అడితి రేటు తేలుస్తున్నట్టు లెక్క. నాకిది కడుపు మండే సంగతి బిడ్డా. మన వీధుల్లో వేపలు ఇట్లాగే పోయాయి.

కట్టె మన కూలి అయిన రోజున మన కన్ను మారిపోతుంది. 'నేను మంచిదాన్ని, నాకు మారదు' అనుకోకు. డీజిల్‌కి, కూలీలకు పైసలు తక్కువ పడిన రోజున ఎంత మంచివాడికైనా లావు కొమ్మలో పగులు కనిపిస్తుంది. కాబట్టి కట్టె ఎప్పుడూ ఇంటివాళ్లదే. ఉంచుకుంటామంటే ముక్కలు కోసి పేర్చి పెట్టు. తీసెయ్యమంటే మోతకు, బండికి విడిగా రాయి. అమ్ముకుంటామంటే అడితి నంబరు ఇవ్వు, బేరం వాళ్లే చేసుకుంటారు. నువ్వు మధ్యలో ఉండకు.

మరి మన పైసలు ఎక్కడి నుంచి రావాలి? మొట్టమొదట, చూసినందుకు రావాలి. 'చూడ్డానికి కూడా ఛార్జీనా?' అని అడుగుతారు, అడగనీ. పని మనకే ఇస్తే ఆ మొత్తం బిల్లులో తగ్గించు, ఇవ్వకపోతే నువ్వు రాసిచ్చిన కాగితం వాళ్ల దగ్గర ఉంటుంది. చూడ్డమంటే కింద నిలబడి తలెత్తడం కాదని వాళ్లకు అర్థం కావాలంటే వాళ్ల ముందే చెయ్యి. మొదలు చుట్టూ తిరుగు. మొదట్లో పుట్టగొడుగులు ఉన్నాయా, చెట్టు ఒరిగిన వైపుకి ఎదురుగా మట్టి లేచిందా, రెండు పెద్ద కొమ్మలు చీలే చోట పగులు ఉందా, పురుగు తొలిచిన పొట్టు రాలుతోందా చూడు. కొయ్య సుత్తితో మాను కొట్టి చెవి పెట్టు, గుల్లగా ఉంటే చప్పుడే వేరు. ఈ మధ్య కేబుల్ కోసమో నీళ్ల పైపు కోసమో పక్కన తవ్వారా అని తప్పకుండా అడుగు. పైన పచ్చగా కనిపిస్తూనే ఒక వైపు వేళ్లన్నీ తెగిన చెట్లు ఈ ఊళ్లో ఎన్నో ఉన్నాయి. మాను దాకా సిమెంటు పోసి ఉంటే ముందు అది పగలగొట్టమని రాయి. చెట్టు చుట్టూ మీటరు దూరం సిమెంటు తీసెయ్యాలని, పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఢిల్లీ వాళ్లకు చెప్పింది. మనకు ఎవరో చెప్పేదాకా ఎందుకు ఆగాలి?

చూసిన తర్వాత చాలాసార్లు 'ఏమీ చెయ్యక్కర్లేదు' అని చెప్పాల్సి వస్తుంది. 2021లో వేపలన్నీ చివర్ల నుంచి ఎండిపోయాయి కదా, గుర్తుందా? ఊరు ఊరంతా వేపకు ఏదో అయిందని టెన్షన్ పడ్డారు. చచ్చిపోయింది, కొట్టెయ్యండి అని ఎన్ని ఫోన్లు వచ్చాయో. ఫోమాప్సిస్ అనే బూజు తెగులు, దానికి తోడు టీ దోమ అనే రసం పీల్చే పురుగు అని సైంటిస్టులు చెప్పారు. నేను గోరుతో కొమ్మ బెరడు గీకి చూపించేవాణ్ని. లోపల పచ్చగా ఉంటే ఆగండి, ఎండిన చివర్లు కత్తిరించి కాల్చేద్దాం, వానలు పడనివ్వండి అనేవాణ్ని. ఆగిన ఇళ్లలో చాలావరకు వేపలు మళ్లీ చిగురు వేశాయి. ఇప్పుడు కూడా ఏ చెట్టు మీద సందేహం వచ్చినా వాళ్లు నన్నే పిలుస్తారు. ఆ రోజు కొట్టి ఉంటే ఒక్కరోజు కూలి వచ్చేది, అంతే.

మన పాలమూరు (మహబూబ్‌నగర్) పిల్లలమర్రి చూడు. ఏడు వందల ఏళ్ల చెట్టని చెప్పుకుంటాం. చెదలు పట్టి, 2017 డిసెంబరులో కొమ్మ విరిగిపడితే సందర్శకులను ఆపేశారు. మానుకి చిల్లులు పెట్టి మందు పోస్తే బయటికే కారిపోయింది. ఆఖరికి 2018లో క్లోరిపైరిఫాస్ మందు పలచన చేసి సెలైన్ సీసాల్లో పోసి, కొమ్మలకు వేలాడదీసి బొట్టు బొట్టుగా ఎక్కించారు. బరువు కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు కట్టి ఆనించారు. చెట్టు నిలిచింది. అక్కడ రంపంతో అయ్యే పని ఎంత చెప్పు? మన పనిలో కొట్టడం ఒక ముక్క, అంతే. ఆనించడం, కట్టడం, వేళ్లకు గాలి తగలనివ్వడం, ఊరికే వదిలెయ్యడం కూడా పనే. వాటన్నిటికీ నీ రేట్ల కాగితంలో చోటు ఉండాలి.

కొయ్యాల్సి వచ్చినప్పుడు ఎట్లా కొయ్యాలో నీకు పుస్తకంలో ఉంది, నాకు చేతిలో ఉంది. అయినా చెబుతాను, ఎందుకంటే నువ్వు పెట్టుకునే పిల్లలకు నువ్వే నేర్పాలి. లావు కొమ్మ ఒక్క కోతతో తీస్తే సగం తెగేసరికి బరువుకి వాలి, మాను బెరడు కిందిదాకా చీల్చుకుంటూ పడుతుంది. అందుకే మానుకి అడుగు దూరంలో ముందు కింది నుంచి మూడో వంతు కొయ్యాలి. దానికి కొంచెం అవతల పై నుంచి కొయ్యాలి, అప్పుడు బరువంతా శుభ్రంగా దిగిపోతుంది. మిగిలిన మోడుని మూడో కోతలో తియ్యాలి. కొమ్మ మానులో కలిసే చోట ముడతలు పడి ఉబ్బెత్తుగా ఉంటుందే, ఆ ఉబ్బు బయట కొయ్యాలి. దాన్ని కోస్తే పుండు మూసుకోదు, మోడు వదిలితే అక్కడి నుంచే కుళ్లు లోపలికి పోతుంది. ఎక్కేవాడు ఆ ఉబ్బుని చేత్తో తడిమి, సుద్దతో గీత గీసి, ఆ తర్వాతే రంపం మిషన్ స్టార్ట్ చెయ్యాలి. కోత మీద తారు, పెయింటు పూయమని ఇంటివాళ్లు అడుగుతారు, వద్దని చెప్పు. అలెక్స్ షైగో అని అమెరికా ఆయన వేల చెట్లను నిలువునా కోసి, చెట్టు తన గాయం చుట్టూ తానే గోడ కట్టుకుంటుందని చూపించాడని నువ్వే కదా నాకు చెప్పావు. అదే మాట వాళ్లకూ చెప్పు.

తల నరకమంటే మాత్రం ఒప్పుకోకు. ఎంత పాత గిరాకీ అయినా సరే. తల తీసిన చోట గుబురుగా లేచే కొత్త కొమ్మలకు పట్టు ఉండదు, నాలుగేళ్లు తిరిగేసరికి లావెక్కి గాలికి ఊడిపడతాయి. అప్పుడు పడేది మన పేరు మీద.

రంపం మిషన్ చైను పదును సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ దెబ్బలు అక్కడే తగులుతాయి. మంచి చైనుకి పొట్టు పెళ్లలుగా రాలుతుంది. పిండిలా వస్తోందంటే మొద్దుబారిందని అర్థం. అప్పుడు మనిషి మిషన్ని బలంగా నొక్కుతాడు, అది ఎగిరి ముఖం మీదికి వస్తుంది. పెట్రోలు పోసిన ప్రతిసారీ గుండ్రటి ఆకురాయితో పన్నుకి రెండు మూడు సార్లు రుద్దాలి. చెట్టు మీద ఒంటి చేత్తో మిషన్ పట్టుకున్నవాణ్ని ఆ పూటే దించెయ్.

కరెంటు తీగ దగ్గర ఎవరి మాటా నమ్మకు. ఒక అపార్ట్‌మెంట్ వాళ్లు 'కరెంటు తీసేశాం, ఎక్కండి' అన్నారు. మావాడు మోకు వేసుకుని నిచ్చెన దాకా పోయాడు. నేను ఎక్కడ తీశారో చూపించమన్నాను. చూస్తే సెల్లార్లో వాళ్ల బిల్డింగు మెయిన్ స్విచ్ తీశారు. కొమ్మలు ఆనుకుని ఉన్నది బయట రోడ్డు మీది లెవెన్ కేవీ (పదకొండు వేల వోల్టుల) లైన్‌కి, అది నడుస్తూనే ఉంది. వాళ్లు అబద్ధం చెప్పలేదు, వాళ్లకు తేడా తెలియదు. కాబట్టి కరెంటు ఆఫీసు నుంచి ఎల్‌సీ, అంటే లైను ఆపడానికి ఇచ్చే 'లైన్ క్లియర్' అనుమతి తీసుకుని, లైన్‌మన్ వచ్చి లైను ఆపి, ఎర్తింగ్ వేశాక, ఆయన అక్కడ నిలబడి ఉండగానే ఎక్కాలి. ఎల్‌సీ దొరకడానికి రెండు రోజులు పడుతుందంటే రెండు రోజులు ఆగు.

పర్మిషన్ సంగతి కూడా అంతే. 'మా ఇంట్లో చెట్టు, మా ఇష్టం' అంటారు. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) సొంత జాగాలోని చెట్టుకీ వర్తిస్తుంది. చెట్టు పడగొట్టాలంటే ఫారెస్టు వాళ్ల అనుమతి కాగితం ముందు రావాలి. దరఖాస్తు ఇంటివాళ్ల పేరు మీదే పెట్టించు, కాపీ పనిచోట నీ దగ్గర ఉంచుకో. ఎవరైనా బండి ఆపితే నోటితో వాదించే పని ఉండదు.

గూళ్లు ఉంటే తేదీ మార్చు. 2022 సెప్టెంబరులో కేరళ మలప్పురం జిల్లాలో హైవే కోసం పిల్లలతో ఉన్న గూళ్లున్న చెట్టుని పడగొట్టారు, వందకు పైగా పక్షులు చచ్చిపోయాయి. ఆ వీడియో చూసి అమ్మకు ఆ రాత్రి అన్నం సయించలేదు. వన్యప్రాణి చట్టం కింద కేసు కూడా పెట్టారు. వానాకాలంలో కొంగలు ఉండే చెట్లను దసరా దాటాకే ముట్టుకో.

ఇక పైసల లెక్క. ఎక్కేవాడికి, కింద మోకు పట్టేవాడికి కూలి సాయంత్రానికే ఇవ్వాలి. కాలనీ కమిటీ వాళ్లు నీకు మూడు నెలలకు ఇచ్చినా సరే, అది నీకూ వాళ్లకూ మధ్య సంగతి. అందుకే సగం అడ్వాన్సు లేకుండా పెద్ద పని మొదలుపెట్టకు. మోకు కట్టాక వాన మొదలైతే దింపెయ్, ఆ పూట సగం కూలి ఇవ్వు. ఆ సగం లేకపోతే వాళ్లు తడిసిన మాను మీదే పని కానిచ్చేస్తారు. గాలివాన మర్నాడు అందరూ ఒకేసారి ఫోన్ చేస్తారు. అప్పుడు రేటు పెంచకు. గేటుకి అడ్డం పడ్డది, తీగ మీద వాలింది ముందు తీసెయ్, మిగతావాళ్లకు ఏ రోజు వస్తావో చెప్పి ఆ రోజే వెళ్లు.

కంపెనీ వాళ్లు బిల్లులో ఒక శాతం టీడీఎస్ అని ఆదాయపు పన్ను కింద ముందే కోస్తారు, రిటర్న్ వేసి తెచ్చుకో. పని ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ నంబరు అక్కర్లేదు. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితమే, బ్రోకరుకి పైసలు ఇవ్వకు.

మనవాళ్లందరికీ బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టించు. ఏడాదికి 20 రూపాయలు. ప్రాణం పోతే 2 లక్షలు, చెయ్యో కాలో పోతే లక్ష. అది సరిపోదు, నాకూ తెలుసు. అందుకే నీ ప్రతి కొటేషన్‌లో మనుషుల బీమాకని ఒక లైను పెట్టి, ఆ పైసలతో గ్రూపు యాక్సిడెంట్ పాలసీ తీసుకో. ఎవరైనా బేరమాడితే మోత ఛార్జీ తగ్గించు, ఆ లైను మాత్రం తగ్గించకు. సురక్షా బీమా జూన్ 1 నుంచి మే 31 దాకా ఉంటుంది, కాబట్టి మే నెలాఖర్లో ఒక్కొక్కరి ఖాతాలో 20 రూపాయలు ఉన్నాయో లేదో నువ్వే అడిగి చూసుకో. బ్యాలెన్స్ లేక పాలసీ ఆగిపోయినవాళ్లను చూశాను.

సైజు రాసి పంపితే నీ హెల్మెట్, బెల్టు తెప్పిస్తాను. పాత మోకులు నీకు ఇవ్వను, కొత్తవే కొనుక్కో. కాలనీ వాళ్లకు సవరించిన కొటేషన్ పంపే ముందు నాకు ఒకసారి చూపించు.

మీ నాయిన