గుట్టల దగ్గరికి గుడ్డెలుగు రాలేదు: తల్లిదండ్రులకు జనవరి ఉత్తరం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల ఉత్తరం ఫీజులతోనూ ప్రీ ఫైనల్స్‌తోనూ మొదలుపెడదామని కూర్చున్నాను. కానీ ఇప్పుడు అవి చదివే ఓపిక మీకెవరికీ లేదని నాకు తెలుసు. సోమవారం పొద్దున గేటు దగ్గర నన్ను ఆపిన ప్రతి ఒక్కరూ అడిగింది ఒకటే మాట: "మేడం, గుడ్డెలుగు నిజంగా వచ్చిందా?"

రాలేదు.

జరిగింది ఇది. శనివారం 8, 9 తరగతుల పిల్లలు 46 మందిని, అయిదుగురు టీచర్లను తీసుకుని రేగొండ మండలంలోని పాండవుల గుట్టలకు వెళ్లాం. వెంట నేనూ ఉన్నాను, మోకాళ్ల నొప్పితో సహా. పొద్దంతా నడిచి, అనుమతి తీసుకున్న చోట గుట్ట కింద చదునులో టెంట్లు వేసుకున్నాం. రాత్రి 8.50కి అన్నాలు అయిపోయాయి. పళ్లేలు కడుగుతున్నాం. అప్పుడు చీకట్లోంచి తల మీదుగా నల్ల గొంగడి కప్పుకున్న ఒక పెద్దమనిషి వంగి వంగి చూస్తూ వచ్చాడు. ఆయన మేక ఒకటి తప్పిపోయింది. టెంటు జిప్పు తీసి తొంగిచూసిన ఒక బాబు టార్చి వేసేసరికి నల్లగా, వంగి ఉన్న ఆకారం కనబడింది. "గుడ్డెలుగు!" అని అరిచాడు. వాడితో పాటు 20 మంది అరిచారు. నిజం చెప్పాలంటే ఒక టీచరు కూడా అరిచారు, పేరు చెప్పను. పాపం ఆ పెద్దాయనకు మాకంటే ఎక్కువ భయమేసింది. "ఎలుగా? ఏడ బిడ్డా?" అంటూ వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

అర నిమిషంలో అందరూ నవ్వుకున్నారు. ఆయనకు టీ ఇచ్చాం. పండగ సకినాలు ఎవరి డబ్బాలో మిగిలాయో వాళ్లు తెచ్చిపెట్టారు. ఆయన ముప్పావు గంట కూర్చుని పిల్లలకు బండల పేర్లు చెప్పాడు. మేకల బండ, ముంగీస బండ, ఎదురు పాండవులు, గొంతెమ్మ గుహ. గొంతెమ్మ అంటే ఎవరో పిల్లలకు తెలియదు. మా తెలుగు సారు గొంతి అంటే కుంతేనని, జనం నోట కుంతి గొంతి అయిందని చెబితే, "అయితే పాండవుల అమ్మ మన ఊరి అమ్మలా అయిపోయింది సార్" అని ఒక పాప అంది. ఆ పూటకు అంతకంటే మంచి పాఠం మేం ఎవరం చెప్పలేదు.

ఇదంతా మీకు తెలియదు. ఎందుకంటే మీకు అందింది 11 సెకన్ల వాయిస్ మెసేజ్ మాత్రమే, అందులో అరుపు ఒక్కటే ఉంది. నవ్వు లేదు, సకినాలు లేవు. ఫోన్లు వద్దని మూడుసార్లు చెప్పాం, డైరీలో రాయించాం, సంతకం పెట్టించుకున్నాం. అయినా ఒక బ్యాగులో స్వెట్టర్ చేతి లోపల ఫోను వచ్చింది. స్వెట్టర్ చేతిలోకి ఫోను అంత నీటుగా మడతపెట్టడం 13 ఏళ్ల పిల్లలకు చాతకాదని 26 ఏళ్ల సర్వీసులో నేను గ్రహించాను. అంతకు మించి ఏమీ అనను.

ఆ మెసేజ్ పంపాక ఆ కాస్త సిగ్నల్ పోయింది. ఇక్కడ గ్రూపుల్లో మాత్రం 9.10కి ఎలుగుబంటి వచ్చింది, 9.30కి దాడి చేసింది, 10 గంటలకు ఎక్కడిదో పాత ఫోటో కూడా దొరికింది. ఇద్దరు నాన్నలు కారు వేసుకుని 10.40కి గుట్ట దగ్గరికి వచ్చేశారు. వాళ్ల పిల్లలు అప్పటికే గురకపెడుతున్నారు. చలిలో అంత దూరం వచ్చారు కదా అని వాళ్లకూ టీ ఇచ్చాం. వాళ్లలో ఒకాయన తెల్లారేదాకా ఉండిపోయి, పొద్దున్నే మాతో పాటు గుట్ట ఎక్కి దిగారు. ఆయనకు ప్రత్యేకంగా ధన్యవాదాలు.

మా తప్పు కూడా ఉంది, ఒప్పుకుంటాను. ఆ టైంలో నేను కొంచెం రోడ్డు వైపు నడిచి సిగ్నల్ చూసుకుని, "అందరూ క్షేమం" అని ఒక్క మాట పంపి ఉంటే ఈ టెన్షన్ ఉండేది కాదు. పొద్దున 6 గంటల వరకూ నాకు ఆ ఆలోచనే రాలేదు. ఒకమ్మకు ఆ రాత్రి బీపీ పెరిగి మాత్ర వేసుకోవాల్సి వచ్చిందని తెలిసి నిజంగా బాధపడ్డాను. ఇకమీదట ఏ ట్రిప్పుకు వెళ్లినా రాత్రి 8 గంటలకు క్లాస్ టీచరు నుంచి మీకు మెసేజ్ వస్తుంది. ఆ ఒక్క మెసేజ్ వరకే. దానికి 46 థ్యాంక్యూలు, 46 దండాలు పెట్టకండి.

మధ్యలో మామూలు విషయాలు: ప్రీ ఫైనల్స్ టైంటేబుల్ పదో తరగతి పిల్లల డైరీల్లో అతికించాం, చూడండి. 26న జెండా వందనానికి 7.30కల్లా తెల్ల యూనిఫాంలో రావాలి. మూడో టర్మ్ ఫీజు కట్టనివాళ్లు కట్టండి. 4వ నంబరు బస్సు ఇక చౌరస్తాలో ఆగదు, పెట్రోల్ బంకు దగ్గర ఆగుతుంది.

"ఆ రాళ్లల్లో ఏముందని తీసుకెళ్లారు మేడం, పార్కుకో రిసార్టుకో పోవచ్చు కదా" అని ఒకరు రాశారు. అడిగారు కాబట్టి చెబుతాను. ఇక్కడ నేను కాస్త ఎక్కువ మాట్లాడతాను, భరించండి.

వరంగల్ నుంచి సుమారు 50 కిలోమీటర్లు. పరకాల దాటి భూపాలపల్లి రోడ్డులో పోతుంటే పొలాల మధ్య లేచి కనబడతాయి ఆ గుట్టలు. మన హన్మకొండ చుట్టూ ఉండే నున్నటి గుండ్రాళ్ల గుట్టల్లా ఉండవు. ఇది ఇసుకరాయి. పొరలు పొరలుగా, ఎవరో దోసెలు వేసి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది. కొన్నిచోట్ల గోడల్లా నిలువుగా లేస్తాయి, అందుకే తాళ్లు కట్టుకుని బండలెక్కడం నేర్చుకునేవాళ్లు కూడా వస్తుంటారు. మేం అలా తాళ్లతో ఎక్కలేదు, కంగారుపడకండి. మేం నడిచింది తేలికైన దారి, పొద్దున మూడు కిలోమీటర్లు, సాయంత్రం రెండు. పక్క ములుగు జిల్లాలో రామప్ప గుడి ఉంది కదా, 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించింది, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. దాని కట్టడం కూడా ఇసుకరాయే. రామప్ప చూడని పిల్లలు మన బడిలో దాదాపు లేరు. పాండవుల గుట్టలు చూసినవాళ్లు 46 మందిలో ముగ్గురు.

ఆ గుట్టల గుహల్లో, చూరుల్లా ముందుకొచ్చిన బండల కింద బొమ్మలున్నాయి. అడవి దున్న, జింక, పులి, చిరుత, విల్లు, బాణం, కత్తి, స్వస్తిక్, వలయాలు, చతురస్రాలు. ఎరుపు, తెలుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో. అక్కడ బొమ్మలున్నాయని పరిశోధకులు నమోదు చేసింది 1990లో, అంటే మీలో చాలామంది చిన్నప్పుడు. ఇలాంటి బొమ్మలకే పేరుపడ్డ మధ్యప్రదేశ్‌లోని భీంబేట్కా కూడా ఇసుకరాయి గుట్టే. పురావస్తు పరిశోధకుడు వాకణ్కర్ గారు 1957లో రైల్లోంచి ఆ బండల ఆకారం చూసి, దిగి వెతుక్కుంటూ వెళ్లారు. మనకు అంత కష్టం కూడా లేదు, రోడ్డు ఉంది. ఎర్ర రంగు దేనితో వేశారని పిల్లలు అడిగితే నేను ఒకటే అన్నాను: మీ అమ్మమ్మ పండక్కి గడపకు పూసే జాజు ఉంది కదా, అలాంటి ఇనుము కలిసిన ఎర్రమట్టే. ఒక్కసారిగా అందరూ బండకు దగ్గరగా జరిగారు. ముట్టుకోలేదు.

ఇక ఆ బొమ్మలుండే బండల మీద మనవాళ్లు చేసిన నిర్వాకం. పెయింటుతో పేర్లు, బొగ్గుతో పేర్లు, బాణం గుచ్చిన గుండెలు, బ్యాచ్ నంబర్లు. మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు దారిపొడుగునా నోటుబుక్కులో లెక్కపెట్టింది: 41 పేర్లు. ఇసుకరాయి అంటే ఇసుక రేణువులు అతుక్కుని రాయి అయింది. సన్నటి సందులుంటాయి, రంగు లోపలికి ఇంకుతుంది. గీకి తీద్దామంటే రాయే పొడిగా రాలుతుంది, దానితో పాటు పక్కన ఉన్న పాత బొమ్మా పోతుంది. వేలాది ఏళ్లు ఎండకూ వానకూ తట్టుకున్న జింకను ఒక 20 రూపాయల మార్కరు చంపేస్తుంది. పేరు చెక్కించుకోవాలని అంత ఆశ ఉంటే బజారుకు పోయి స్టీలు గిన్నెల మీద చెక్కించుకోవాలి. అందుకు మనవాళ్లకు ఎప్పటినుంచో మంచి ఏర్పాటే ఉంది. ఈ మాట కోపంతోనే రాస్తున్నాను, ఎందుకంటే బయల్దేరే ముందు బ్యాగులు చూసినప్పుడు మన పిల్లల దగ్గరే రెండు పర్మనెంట్ మార్కర్లు దొరికాయి. ఎందుకు నాన్నా అంటే, "ఊరికే మేడం" అన్నారు. ఊరికే రాసిన పేర్లే అవన్నీ.

కోపం పక్కన పెడితే, ఆ రెండు రోజుల్లో నేను చూసిన పిల్లలు వేరే. ఎనిమిదో తరగతి బి సెక్షన్‌లో చివరి బెంచీలో కూర్చునే ఒక పాప ఉంది. పేరు రాస్తే వాళ్లమ్మ సిగ్గుపడుతుంది. గుట్ట పైన ఒక బండ మీద మోకాళ్లు మోపి కూర్చుని వేలితో ఏదో కొలుస్తోంది. ఏంటమ్మా అంటే, "మేడం, వాగులో నీళ్లు పోయినంక ఇసుక మీద గీతలు పడ్తయి గదా, అవే ఇక్కడ రాయిల ఉన్నయి" అంది. చూస్తే నిజంగానే వరుసగా అలలు, ఒక్కొక్కటి రెండు వేళ్ల వెడల్పు, రాయిలో గడ్డకట్టినట్టు. నేను ఆ బండను నాలుగుసార్లు తొక్కుకుంటూ పోయినదాన్ని, ఎప్పుడూ చూడలేదు. "అయితే ఇక్కడ నీళ్లుండేవా?" అని అడిగింది. ఉండేవమ్మా, హిమాలయాలు పుట్టకముందు, 50 కోట్ల ఏళ్లకు పైమాటే అని మా సైన్సు టీచరు చెబితే, ఆ పాప చెప్పులు విప్పి పక్కన పెట్టింది. ఎందుకు విప్పావని ఎవరూ అడగలేదు. క్వార్టర్లీలో సైన్సులో ఆ పాపకు 11 మార్కులు. ఆ పేపరు ఇచ్చింది మేమే కాబట్టి ఆ పేపరు గురించి మేమే ఆలోచించుకుంటాం.

ఇంకో బాబు రెండు రోజులూ అందరికంటే వెనక నడిచాడు, ఆయాసపడే స్నేహితుడి కోసం. వాడి సంచీ కూడా వీడే మోశాడు. వాళ్ల నాన్నగారు మొన్న నన్ను కలిసి "వీడికి ఫస్టు రావాలనే పట్టుదలే లేదు మేడం" అని బాధపడ్డారు. సార్, ఒక్కసారి వచ్చి నన్ను కలవండి, తీరిగ్గా మాట్లాడుకుందాం.

ఇప్పుడు కొన్ని చిన్న మనవులు. మీ మీద గౌరవంతోనే. ట్రిప్పుకు కొత్త బూట్లు శుక్రవారం సాయంత్రం కొనకండి. 14 మందికి మడమల దగ్గర బొబ్బలెక్కాయి. నడవడానికి వారం రోజులు తొక్కిన పాత బూటుకు మించింది లేదు. పిల్లల బ్యాగు పిల్లలతోనే సర్దించండి. "టార్చి ఎక్కడుందో మా అమ్మకే తెలుసు మేడం" అన్న మాట ఆ చీకట్లో తొమ్మిది నోళ్ల విన్నాను. ఒక బ్యాగులో 11 చిప్స్ ప్యాకెట్లున్నాయి, మంచినీళ్ల సీసా లేదు. మూడు కిలోమీటర్లకే "ఇంకా ఎంత దూరం" అని అడిగిన పిల్లల్లో చాలామంది మన బడికి అర కిలోమీటరు లోపు ఉండేవాళ్లే, రోజూ స్కూటీ మీద దిగేవాళ్లే. మీ ప్రేమ నాకు అర్థమవుతుంది. వాళ్ల కాళ్లకు కూడా అర్థం కావాలి కదా.

మేమూ వెళ్లొచ్చా అని అడిగిన కొందరికి: తప్పకుండా వెళ్లండి, ఫిబ్రవరి దాటకముందే. ఎండలు ముదిరితే ఆ రాయి పెనంలా కాలుతుంది. పొద్దున్నే చేరుకోండి, మనిషికి రెండు లీటర్ల నీళ్లు పట్టుకెళ్లండి, గుహల దారి తెలిసిన ఊరివాళ్లను వెంట తీసుకెళ్లి వాళ్లకు కూలి ఇవ్వండి. రాత్రి ఉండాలంటే ముందే అటవీ శాఖవాళ్లను అడగండి, ఎక్కడపడితే అక్కడ టెంటు వేయకండి. బండలకు తేనెపట్లుంటాయి, కాబట్టి పొగపెట్టడం, అరవడం, కారు డోర్లు తీసి పాటలు పెట్టడం వద్దు. అక్కడ ఉన్న మంచి సంగతి ఆ నిశ్శబ్దమే. ఆదివారం పొద్దున పిల్లలందరినీ అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోమన్నాను. మూడో నిమిషంలో దూరంగా మేకల మెడ గంటలు వినబడ్డాయి. అవి అంతకుముందు రోజు కూడా మోగే ఉంటాయి, మాకెవరికీ వినబడలేదు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు

తా.క.: బస్సులో దొరికినవి: రెండు మంకీ క్యాపులు, ఒక ఎడమ కాలి సాక్సు, మూడు నీళ్ల సీసాలు. స్టీలు టిఫిను డబ్బా మీద అమ్మమ్మ పేరు చెక్కి ఉంది కాబట్టి సోమవారమే ఇల్లు చేరింది. ఫోను మాత్రం ఆఫీసు బీరువాలో ఉంది. అమ్మానాన్నల్లో ఎవరైనా ఒకరు వచ్చి, రిజిస్టర్లో సంతకం పెట్టి తీసుకెళ్లండి. పిల్లలు రోజూ అడుగుతున్నారు కాబట్టి ఇంకో మాట: ఆ పెద్దాయన మేక ఆదివారం మధ్యాహ్నం తనంతట తానే ఇంటికి వచ్చిందట.