టికీ మగ్గులు కొనేముందు

టికీ మగ్గులంటే పాలినేషియా శిల్పాల ముఖాలతో చేసిన, టికీ బార్లలో కాక్‌టెయిల్ పోసిచ్చే మట్టి మగ్గులు. పాతవాటి కోసం వారాంతం ఎస్టేట్ సేల్స్‌కి (ఇంటి సామానంతా అమ్మకానికి పెట్టేచోట్లకి) వెళ్లేవాళ్లకి: మగ్గు ముఖం చూసి మురిసిపోకుండా ముందు బోర్లించి అడుగు చూడండి. 'ఆర్కిడ్స్ ఆఫ్ హవాయి' అనే కంపెనీ పేరు, 'ఆర్'తో మొదలయ్యే నంబరు, 'జపాన్' అని ఉంటే అది అప్పట్లో రెస్టారెంట్లకు వెళ్లిన సరుకు. ఒటగిరి అనే కంపెనీ వాళ్ల ఓఎంసీ (ఒటగిరి మర్కంటైల్ కంపెనీ) మగ్గులకు చాలాసార్లు స్టిక్కరే గుర్తు. అది ఊడిపోయి ఉండొచ్చు, కాబట్టి పేరు లేదని వదిలేయకండి. స్టిక్కర్ ఉంటే మాత్రం నీళ్లలో నానబెట్టొద్దు.

నకలు పట్టడానికి కొలత టేపు చాలు. అసలు మగ్గు నుంచి అచ్చు తీసి పోసిన మట్టి ఆరేటప్పుడూ, కాల్చేటప్పుడూ కుంచించుకుపోతుంది. అందుకే నకలు కాస్త పొట్టిగా ఉంటుంది, చెక్కడం గీతలు మొద్దుబారి ఉంటాయి. అసలుదాని ఎత్తు ఫోన్‌లో రాసిపెట్టుకుని వెళ్లండి.

గోటితో మీటితే ఖంగుమనాలి. మొద్దుగా మోగితే ఎక్కడో పగులు ఉండొచ్చు, లోపలికి టార్చి వేసి వెతకండి. అతికించి రంగేసిన చోటు యూవీ లైటు కింద తరచూ వేరుగా మెరుస్తుంది. గ్లేజు (పైన గాజులా మెరిసే పూత) మీద సన్నటి వల లాంటి గీతలకు భయపడక్కర్లేదు, బేరానికి పనికొస్తాయి!

పాత గ్లేజులో సీసం ఉండొచ్చు. అలమరలో పెట్టుకోండి, తాగడానికి వాడొద్దు.

కొరియర్‌లో తెప్పిస్తే మగ్గు లోపల కూడా కాగితం కుక్కమనండి. పెట్టెలో పెట్టె, మధ్య కనీసం 5 సెం.మీ. మెత్త.