చెరువులో సైక్లాప్స్‌కు ఎండ తగలదా?

అనంతపురం

పాపా,

మొన్న ఫోన్లో నువ్వడిగిన దానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పబుద్ధి కాలేదు, అందుకే రాస్తున్నా. ఆల్ప్స్ కొండల మీది చెరువుల్లో కోపెపాడ్‌లు, అంటే రొయ్యలకు దూరపు చుట్టాలైన చిన్న నీటి జీవులు, ఎర్రగా ఉన్న ఫొటోలు చూశావు, ఇక్కడ మన బుక్కరాయసముద్రం చెరువు నీళ్లు మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే సైక్లాప్స్, అవీ కోపెపాడ్‌లే, అన్నీ రంగు లేకుండా ఉన్నాయి, ఎండ మనకే కదా ఎక్కువ, మరి ఎర్రబడాల్సింది మనవి కదమ్మా అన్నావు. ఇన్నేళ్లుగా ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తున్నాను, ఇట్లా మన చెరువుకు పోల్చి అడిగినవాళ్లు తక్కువ. నాకు చాలా సంతోషమైంది.

ఎండ అంటే మనకు ముందు వేడి గుర్తొస్తుంది. వాటికి అసలు గండం ఎండలోని అతినీలలోహిత కిరణాలతో, అంటే యూవీతో. మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో ఉండే ఒళ్లు, పారదర్శకంగా ఉంటుంది, కిరణం నేరుగా కణాల్లోకి పోతుంది. పోయి డీఎన్‌ఏలో పక్కపక్కనే ఉన్న రెండు థైమిన్‌లను, అంటే డీఎన్‌ఏ రాతలోని అక్షరాల్లాంటి వాటిని, ఒకదానికొకటి అతికించేస్తుంది, అక్కడ డీఎన్‌ఏ కాపీ కావడం ఆగిపోతుంది. ఇట్లాంటి అతుకులు ఎక్కువైతే ఆ జీవి చచ్చిపోతుంది.

అయితే ఆ కిరణం నీళ్లలో ఎంత లోతు దిగుతుందో అదే ముఖ్యం. మన చెరువుల్లో ఎర్రమట్టి, నాచు, కుళ్లిన ఆకుల నుంచి దిగిన టీ డికాక్షన్ లాంటి రంగు, ఇవన్నీ యూవీని పైపైనే ఆపేస్తాయి. జానెడు లోతుకు పోయిన సైక్లాప్స్‌కు మన మే నెల ఎండ కూడా పెద్దగా లెక్క కాదు. ఆల్ప్స్‌లో చెట్లు కూడా పెరగనంత ఎత్తున ఉండే చెరువుల్లో మట్టి లేదు, ఆకులు లేవు, నీళ్లు అద్దంలా ఉంటాయి, యూవీ మీటర్ల కొద్దీ లోపలికి దిగుతుంది. పైగా ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు యూవీ సుమారు పది శాతం పెరుగుతుంది. చల్లటి ఊరే కావచ్చు, నీళ్లలో ఉన్నదానికి దెబ్బ మాత్రం అక్కడే ఎక్కువ.

ఇంక ఎరుపు సంగతి. అది అస్టాజాంథిన్ అనే కెరోటినాయిడ్, క్యారెట్‌కు రంగిచ్చే పదార్థాల కుటుంబానిదే. కోపెపాడ్ దాన్ని మొదటి నుంచి తయారు చేసుకోలేదు, నాచు తిని అందులోని కెరోటినాయిడ్‌లను మార్చుకుంటుంది. యూవీ వల్ల ఒంట్లో పుట్టే హానికరమైన ఆక్సిజన్ రూపాలను ఇది అణిచేస్తుంది. కానీ ఎర్రగా ఉంటే చేప కంట పడుతుంది. కొండల మీది చాలా చెరువుల్లో మొదట చేపలే లేవు, అక్కడ ఎర్రగా ఉన్నా నడిచిపోతుంది. మన చెరువుల్లో ఏటా చేపపిల్లలు వదులుతారు, అందులో బొచ్చె, అదే కట్ల, తినేదే ఇట్లాంటి చిన్న జీవులను. ఇక్కడ ఎర్రబడితే ఎండ కంటే ముందు చేప మింగేస్తుంది. ఇంకో వింత చెప్తాను, నీళ్లలో చేపల వాసన తగిలితే కొన్ని కోపెపాడ్‌లు ఒంట్లో రంగు తగ్గించుకుంటాయి, యూవీ ఎక్కువైతే మళ్లీ పెంచుకుంటాయి. ఇది స్వీడన్‌లో పరిశోధన చేసి చూపించారు.

రంగు లేకపోతే రక్షణ లేదనుకోవద్దు. మైకోస్పోరిన్ లాంటి అమైనో ఆమ్లాలని కొన్ని ఉన్నాయి, అవి యూవీని పీల్చుకుంటాయి, మామూలు వెలుగును వదిలేస్తాయి, అందుకే వాటికి రంగుండదు. ఆస్ట్రియాలో గోసెన్‌కోల్లెసే అనే చెరువు ఉంది, 2417 మీటర్ల ఎత్తున, అక్కడి సైక్లాప్స్ వీటిని నాచు నుంచి తీసుకుని ఒంట్లో బాగా దాచుకుంటుంది. నీటి ఈగ అనే ఇంకో చిన్న జీవి ఉంది, డాఫ్నియా, దానికి ఈ సదుపాయం లేదు. అది ధ్రువప్రాంతపు తేట గుంటల్లో మన చర్మానికి రంగిచ్చే మెలనిన్‌తోనే వీపు నల్లగా చేసుకుంటుంది, పాపం ప్రతిసారీ పెంకు విడిచినప్పుడు ఆ మెలనిన్ కూడా పోతుంది, మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి. మన కంటికి సరిగ్గా ఆననంత చిన్న ప్రాణి ఇంత ఖర్చు పెట్టుకుని బతుకుతోందంటే నాకు ఎప్పుడూ గౌరవమే.

డాఫ్నియాకు యూవీ కనపడుతుంది కూడా. దాని కంటిలో వెలుగును పట్టే గ్రాహకాలు నాలుగు రకాలుంటే ఒకటి యూవీకే, 348 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర. యూవీ పడితే కిందికి దిగుతుంది, మామూలు వెలుగుకు పైకి వస్తుంది. కింద చల్లగా ఉంటుంది, తిండి తక్కువ, పెరుగుదల నెమ్మదిస్తుంది, అయినా తేట నీళ్లలో పగలంతా అక్కడే.

ఇక నాకు చాలా ఇష్టమైన సంగతి. అతుక్కున్న థైమిన్‌లను విడదీసే ఎంజైమ్ ఉంది, పేరు ఫోటోలయేజ్. దానికి కావల్సిన శక్తి నీలి వెలుగు నుంచీ యూవీ-ఏ నుంచీ వస్తుంది. అంటే దెబ్బ కొట్టిన ఎండే మందు కూడా ఇస్తుంది. 1949లో ఆల్బర్ట్ కెల్నర్ యూవీ తగిలిన సూక్ష్మజీవులు వెలుతురులో ఉంచితే కోలుకోవడం గమనించాడు. ఫోటోలయేజ్ మీద, డీఎన్‌ఏ మరమ్మతు మీద పనిచేసిన అజీజ్ సాన్‌కార్‌కు 2015లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది, మరో ఇద్దరితో కలిపి. మనుషులకు ఈ ఎంజైమ్ లేదు, దెబ్బతిన్న ముక్కను కత్తిరించి కొత్తది వేసుకునే ఇంకో పద్ధతితో మనం నెట్టుకొస్తున్నాం. ఎంజైమ్ కదా, చల్లటి నీళ్లలో మందకొడిగా పనిచేస్తుంది, మన గోరువెచ్చని నీళ్లలో చురుగ్గా పనిచేస్తుంది. మన సైక్లాప్స్‌కు రంగు అక్కర్లేకపోవడానికి బురద, చేప, ఈ వెచ్చదనం మూడూ కారణాలే, నా లెక్కలో బురదదే పెద్ద పాలు.

అవ్వకు ఇదంతా చెప్తుంటే ఆమెకు గుర్తొచ్చింది దిగుడుబావి నీళ్లు బట్టలో వడకట్టడం, నారికురుపు, అదే ఒంట్లో పొడవాటి పురుగు పెరిగి చర్మం చీల్చుకుని బయటికొచ్చే జబ్బు, వస్తుందని. ఆ పురుగు మనుషుల్లోకి వచ్చేది సైక్లాప్స్ తోనే, 2000లో మన దేశం దాని నుంచి బయటపడింది.

సెలవుల్లో వచ్చినప్పుడు చెరువు దగ్గర మధ్యాహ్నం ఒక సీసా, చీకటి పడ్డాక ఒక సీసా, రెండూ పైనీళ్లే పట్టుకుందాం, వేటిలో ఎన్ని సైక్లాప్స్ ఉన్నాయో నువ్వే లెక్కపెట్టు. చీకట్లో గట్టు మీదికి నీ ఒక్కదాన్నే పంపను, మీ నాయన కూడా వస్తాడు. కవర్ స్లిప్‌లు అయిపోయాయి, వస్తూ వస్తూ ఒక పెట్టె తీసుకురా.

మీ అమ్మ