ముందు ఉయ్యాల సంగతి తేల్చండి

చిరంజీవి చిన్నాకి అమ్మ ఆశీర్వదించి రాసేది.

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి సగమే చెప్పాను. ఇక్కడ పొయ్యి మీద పప్పు, అక్కడ నీకు మీటింగు. మీ అపార్ట్‌మెంట్ వాళ్ళంతా పాత బొమ్మలు పోగుచేసి, పక్కన కడుతున్న బిల్డింగులో పనిచేసే కూలీల పిల్లలకి జూన్ 11న పంచుదామనుకుంటున్నారన్నావు. ఆ రోజుని ఆటల దినంగా ఐక్యరాజ్యసమితి 2024లో ప్రకటించిందని కూడా నువ్వే చెప్పావు. మంచిదే. ఇన్నేళ్ళు అంగన్‌వాడీలో పిల్లల మధ్య ఉన్నదాన్ని కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను. పనికొస్తుందనిపిస్తే మీవాళ్ళకి చదివి వినిపించు.

ముందు ఆ అట్టపెట్టెలు విప్పి చూడండి. టెడ్డీబేర్లూ బ్యాటరీ కార్లే ఎక్కువ ఉంటాయి, నాకు తెలుసు. రేకుల షెడ్డులో టెడ్డీబేర్‌కి సిమెంటు దుమ్ము పట్టిందంటే ఉతకడానికి నీళ్ళెక్కడివి? తాగడానికే ట్యాంకరు రావాలి. బ్యాటరీ కారు సెల్లులున్నంతసేపే తిరుగుతుంది, ఆ తర్వాత సెల్లులెవరు కొంటారు? బిళ్ళ బ్యాటరీలు వేసేవి మాత్రం అసలు ఇవ్వద్దు. చంటిది ఒకటి మింగిందంటే గంటల్లోనే లోపల అన్నవాహిక కాలిపోతుంది. ముక్కలు పోయిన పజిల్స్, తల ఊడిన బొమ్మలు చెత్తబుట్టకే. ఇల్లు ఖాళీ అవుతుందని ఇచ్చేవాళ్ళు నలుగురైనా ఉంటారు, వాళ్ళు ఏమైనా అనుకోనీ. బంతులు, స్కిప్పింగ్ తాళ్ళు, చెక్క దిమ్మలు, క్యారమ్ బోర్డు, వంటసామాను సెట్లు, రంగు పెన్సిళ్ళు మిగిలితే చాలు.

ఇక పంచడం గురించి. మా సెంటరు పిల్లల ఇళ్ళకి వెళ్ళినప్పుడు గోడకి మేకు కొట్టి, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా వేలాడదీసిన బొమ్మల్ని చూసేదాన్ని. ఎవరో పెద్దమనుషులు వచ్చి ఇచ్చి వెళ్ళినవి. ఒకిల్లాలిని అడిగితే, "పాడుసేసెత్తాదండి, పండక్కి దించుతాను" అంది. కింద దాని కూతురు అగ్గిపెట్టెకి దారం కట్టి లాక్కుంటూ ఆడుతోంది. తల్లిని ఏమంటాం? ఆ ఇంట్లో అంత కొత్తగా మెరిసే వస్తువు ఇంకొకటి లేదు. దాచుకుంది.

మా అంగన్‌వాడీల్లోనూ ఇదే. ఆటవస్తువుల పెట్టె వస్తుంది, స్టాకు రిజిస్టరెక్కుతుంది, ఒక్క దిమ్మ తగ్గినా సంజాయిషీ అడుగుతారు. దాంతో పాపం చాలామంది టీచర్లు బీరువాలో పెట్టి తాళం వేస్తారు. నేను తాళం వెయ్యలేదు. తగ్గినదానికి ఎదురుగా "పిల్లలు ఆడగా పోయినది" అని రాసి సంతకం పెట్టేదాన్ని. అడిగినవాళ్ళకి అదే చూపించేదాన్ని.

అందుకే పంచకండి, అరువియ్యండి. లాస్ ఏంజిలిస్‌లో ఉన్న మీ పిన్ని కూతురు చెప్పింది, అక్కడ లైబ్రరీలో పుస్తకం తెచ్చుకున్నట్టు బొమ్మ తెచ్చుకుని, ఆడుకుని తిరిగిచ్చేస్తారట. డబ్బులేం కట్టక్కర్లేదు. 1935లో, అమెరికాలో జనానికి పనుల్లేక అల్లాడుతున్న రోజుల్లో మొదలుపెట్టారట. ఒక కొట్టాయన దుకాణంలో చిల్లర సామాను పోతుంటే, ఎవరా అని చూస్తే పిల్లలు. ఎందుకు తీశార్రా అంటే బొమ్మలు చేసుకోడానికి. అక్కణ్ణుంచి పుట్టిందంటారు ఈ ఆలోచన. ఇప్పటికీ నడుస్తోందట.

మీరూ ఒక పెట్టె, ఒక నోటుబుక్కు పెట్టుకోండి. వారానికి రెండు సాయంత్రాలు, ఫలానా టైముకి పెట్టె తెరుచుకుంటుందని పిల్లలకి తెలిస్తే చాలు. విరిగితే, పోతే అడగబోమని మొదటిరోజే తల్లులకి చెప్పాలి. వాళ్ళ భాషలో చెప్పాలి. ఒడిశా వాళ్ళుంటారు, బీహారు వాళ్ళుంటారు, మన శ్రీకాకుళం వాళ్ళూ ఉంటారు. ఆ మాట చెప్పకపోతే డబ్బు కట్టమంటారని భయపడి ఇంటికి తీసుకెళ్ళనివ్వరు. పిల్లలకి భాష అడ్డం కాదులే. సుద్దముక్కతో తొక్కుడుబిళ్ళ గళ్ళు గీసి బిళ్ళ వేసి చూపించు, చెప్పకుండానే వరసలో నిలబడతారు.

ఒక్కటి మాత్రం చూసుకోండి. ఎనిమిదేళ్ళ, తొమ్మిదేళ్ళ ఆడపిల్లలు వస్తారు, చంకన తమ్ముడో చెల్లో ఉంటుంది. గట్టు మీద నిలబడి చూస్తారు తప్ప ఆటలోకి దిగరు. రమ్మంటే నవ్వి ఊరుకుంటారు. చంటిదాన్ని ఎక్కడ దింపుతుంది? కాబట్టి మీలో ఇద్దరు పక్కన చాప పరిచి, నాలుగు గిలకలు, గిన్నెలు పెట్టి ఆ చంటివాళ్ళని చూసుకోండి. ఆ పిల్లకి మీరివ్వగలిగినది అదే, ఓ గంటసేపు ఖాళీ చంక. నిజానికి యాభైమందికి మించి ఆడకూలీలు పనిచేసే చోట ఆరేళ్ళలోపు పిల్లలకి గది కట్టి, చూసుకునే మనిషిని పెట్టాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంలోనే రాశారు. మీ పక్క సైటులో ఎంతమంది ఉన్నారో, గది ఉందో లేదో మీ అసోసియేషన్ ప్రెసిడెంటు గారిని ఓసారి బిల్డరుని అడగమను. ఫ్లాట్లు కొన్నవాళ్ళు అడిగితే వినిపించుకుంటారు.

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు చెప్తాను, కోప్పడకు. గోడవతల పిల్లల దాకా వెళ్ళేముందు మీ గేటు దగ్గర చూడండి. కిందటిసారి నేనొచ్చినప్పుడు మీ వాచ్‌మన్ పిల్లలిద్దరూ సెల్లార్‌లో కార్ల మధ్య ఆడుకుంటున్నారు. పైన పార్కులో ఉయ్యాల ఖాళీగా ఉంది, మధ్యాహ్నం రెండింటికి ఎవరెక్కుతారు? వెళ్ళండ్రా అంటే, పెద్దవాడు "సార్లు తిడతారు" అన్నాడు. ఎవరూ తిట్టి ఉండకపోవచ్చు కూడా. వాళ్ళ అమ్మే చెప్పి ఉంటుంది, మన హద్దులో మనం ఉండాలని. బోర్డు మీద మాత్రం "రెసిడెంట్ల పిల్లలకు మాత్రమే" అని రాసే ఉంది. ఆ పిల్లలు రాత్రీ పగలూ అక్కడే ఉంటారు, వాళ్ళకన్నా రెసిడెంట్లెవరు? ఆ ఉయ్యాలకి మీరు పైసా ఖర్చుపెట్టక్కర్లేదు, చందాలు అక్కర్లేదు. ఆ లైను చెరిపి, వాచ్‌మన్‌నీ ఆయన భార్యనీ పిలిచి, పిల్లల్ని పంపమని మీ నోటితో మీరు చెప్పాలి. బోర్డు మారిస్తే సరిపోదు, పిలవాలి.

విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ వాళ్ళ నాన్న సెక్యూరిటీ గార్డుగా పనిచేసినాయనే. ఆ పిల్ల 2023లో ఆసియా ఛాంపియన్‌షిప్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌లో బంగారు పతకం తెచ్చింది, మర్నాడు పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్ళింది అన్నంత సుళువుగా పేపరువాళ్ళు రాస్తారు గానీ, మధ్యలో ఎవరో గ్రౌండు ఇచ్చి ఉంటారు, ఎవరో బూట్లు కొని ఉంటారు. వరంగల్ దగ్గర కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి కూలి చేసుకునే వాళ్ళ బిడ్డ. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది. వీళ్ళ పేర్లు చెప్పి చందాలడగడం సుళువు, మీవాళ్ళు కచ్చితంగా అడుగుతారు. నాకు మాత్రం అది నచ్చదు. పతకం రాకపోయినా పిల్ల పరిగెత్తాల్సిందే. మీ పాపని ఈతకి పంపినప్పుడు ఒలింపిక్స్ అనుకుని పంపావా?

కాస్త పెద్ద పిల్లలకైతే బొమ్మల కంటే గ్రౌండు కావాలి. ప్రతి బడికీ ఆటస్థలం, ఆటసామాను ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెప్తోంది. మీ దగ్గర్లోని సర్కారు బడికి వెళ్ళి హెడ్మాస్టరు గారిని అడుగు, బడి వదిలాక గ్రౌండు గేటు తెరిచి ఉంచగలరా అని. ఒక ఫుట్‌బాలు, ఖోఖోకి రెండు స్తంభాలు, గాలి కొట్టే పంపు. పంపు మరిచిపోకండి. గాలి పోయిన బంతులు ఎన్ని బళ్ళలో మూలపడి ఉంటాయో లెక్కలేదు.

చందా డబ్బు మిగిలితే ప్లాస్టిక్ కొనకండి, మన ఏటికొప్పాక బొమ్మలు తెప్పించుకోండి. అంకుడు కర్ర తేలిక, చిన్నచేతుల్లో ఇముడుతుంది. లేత్ మీద తిరుగుతున్న కర్రకి లక్క ఆనించి రంగెక్కిస్తారు. పసుపు, నీలిమందు లాంటి వాటితో చేసిన రంగులని అడిగి కొనాలి, ఈమధ్య అన్నీ అవి కావు. మీ నాన్న నిన్న బజారుకెళ్ళి లక్కపిడతల సెట్లు రెండు, బొంగరాలు కొన్ని తెచ్చారు. శనివారం బస్సు పార్శిల్లో వేస్తానన్నారు, దించుకో. అవి మీ పాపకి కాదు, పెట్టెకి. మీ పాప కూడా పెట్టె దగ్గరికే వచ్చి, అందరితో పాటు పేరు రాయించుకుని తీసుకోనీ.

ఇంకోటి, ఫోటోలు. బొమ్మ చేతిలో పెట్టి, భుజం మీద చెయ్యేసి, గ్రూపులో పెట్టుకోకండి. ఆ పిల్లాడు రేపు మీ పాప క్లాసులోనే చేరొచ్చు. బ్యానరు కూడా వద్దు, ఆ డబ్బుతో రెండు బంతులొస్తాయి.

కోడలికి, పాపకి ఆశీస్సులు. మీ నాన్న మోకాలు కాస్త నయం. ఆదివారం మీటింగులో ఆ బోర్డు గురించి ఎవరేమన్నారో, ముఖ్యంగా ఎవరు కుదరదన్నారో ఫోన్ చేసి చెప్పు.

మీ అమ్మ