పక్క రాష్ట్రమా, సొంత రాష్ట్రమా అన్నది ఇంటర్ అయ్యాక తేలేది కాదు

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్ పరీక్షలు అవగానే ఇంటింటా ఒకటే చర్చ. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ రాయించి ఇక్కడే చేర్పిద్దామా, తమిళనాడో కర్ణాటకో పంపిద్దామా అని. నేను జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్తాను కాబట్టి ఈ చర్చలోకి నన్నూ లాగుతుంటారు. అయితే అప్పటికే సగం నిర్ణయం జరిగిపోయి ఉంటుందని చాలామంది తల్లిదండ్రులకు తెలీదు.

కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి ఇచ్చే సీట్లలో, 85 శాతం లోకల్ వాళ్లవి. లోకల్ అంటే పుట్టిన ఊరో, ఆధార్‌లో ఉన్న అడ్రసో కాదు, ప్రధానంగా చూసేది ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు వరుసగా ఎక్కడ చదివారన్నది. రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల నాటి లెక్క ఇది. అంటే పిల్లాడు తొమ్మిదో తరగతిలో ఉండగానే మీటర్ తిరగడం మొదలవుతుంది, ఆ వయసులో ఏ తల్లిదండ్రులు కన్వీనర్ కోటా గురించి ఆలోచిస్తారండీ?

విభజన తర్వాత ఇది ఇంకా చిక్కుపడింది. రెండు రాష్ట్రాల ఉమ్మడి అడ్మిషన్లకు విభజన చట్టం ఇచ్చిన పదేళ్ల గడువు 2024 జూన్ 2తో ముగిసింది, అక్కడి నుంచి రూల్స్ బిగుసుకుంటూ వస్తున్నాయి. హైదరాబాద్‌లో ఉంటూ పిల్లల్ని ఇంటర్‌కి విజయవాడ హాస్టల్లో వేసిన కుటుంబాలు ఎన్నో. తెలంగాణలో ఎంబీబీఎస్ స్టేట్ కోటా కావాలంటే ఇంటర్‌తో ముగిసేలా నాలుగేళ్లూ ఆ రాష్ట్రంలోనే చదివి ఉండాలని 2024లో జీవో ఇచ్చారు, ఉద్యోగుల పిల్లలకి కొన్ని మినహాయింపులు తప్ప. 2025లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. కోర్టు తీర్పు సంగతి అలా ఉంచితే, హాస్టల్ ఫీజు కట్టేటప్పుడు ఈ ముక్క చెప్పిన కాలేజీ పీఆర్వో ఒక్కడైనా ఉన్నాడా?

కోచింగ్ కోసం పిల్లల్ని రాజస్థాన్‌లోని కోటా నగరానికి పంపేవాళ్లదీ ఇదే కథ. కేంద్ర ఇంజినీరింగ్ విద్యాసంస్థలైన ఎన్‌ఐటీల్లో సగం సీట్లు హోం స్టేట్ వాళ్లకి, ఆ స్టేట్‌ని పన్నెండో తరగతి ఎక్కడ పాసయ్యారన్న దాన్నిబట్టి చూస్తారు. రాజస్థాన్‌లో పాసైన మన పిల్లాడు వరంగల్ ఎన్‌ఐటీకీ, తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీకీ బయటివాడు.

బయటికి పంపడమే తప్పని నేననడం లేదు. మంచి బ్రాంచ్, మంచి ల్యాబులు ఉండి, అప్పు చేయకుండా కట్టగలిగితే పంపండి, పిల్లలు నాలుగు భాషల మధ్య బతకడం నేర్చుకుంటారు. కానీ ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడే ఇల్లయితే అక్కడి ప్రైవేటు యూనివర్సిటీలో అది రాదని ముందే తెలియాలి కదా. (ఇక్కడ మాత్రం టైముకి వస్తోందా అంటారా, అది వేరే ఉత్తరం.)

మరో గొడవ అడ్వాన్సులది. ఎప్‌సెట్ కౌన్సెలింగ్ మొదలయ్యేలోపే బయటి యూనివర్సిటీలు సీటు బ్లాక్ చేసుకోమని డబ్బు కట్టించుకుంటాయి, తర్వాత ఇక్కడ సీటొచ్చినా ఆ డబ్బు పోతుందన్న టెన్షన్‌తో అక్కడే ఉండిపోతారు. ఇంజినీరింగ్ కోర్సు మొదలవకముందే మానుకుంటే వెయ్యి రూపాయలకు మించకుండా పట్టుకుని మిగతాదంతా తిరిగివ్వాలని సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ నిబంధన ఉంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ కూడా చెప్పింది. రసీదు జాగ్రత్త చేసి, రాతపూర్వకంగా అడగండి, ఫోన్లో అడిగితే రేపు మాపు అంటారు.

రెండు ప్రభుత్వాలూ ఎప్‌సెట్ నోటిఫికేషన్‌తో పాటే కౌన్సెలింగ్ తేదీలు కూడా ప్రకటించి వాటికి కట్టుబడితే ఈ తొందర చాలావరకు తగ్గుతుంది. లోకల్ రూల్‌ని ఎనిమిదో తరగతి ప్రోగ్రెస్ కార్డు వెనక తెలుగులో అచ్చేస్తే ఖర్చేమీ పెద్దగా కాదు. మీ పత్రికకూ ఒక విన్నపం. ఈ వివరాలు కౌన్సెలింగ్ రోజుల్లో విద్యా పేజీలో వేస్తారు, అప్పటికి చేసేదేమీ ఉండదు. జూన్‌లో బడులు తెరిచే వారంలో, తొమ్మిదో తరగతి పిల్లల తల్లిదండ్రుల కోసం వేయండి.

ఇట్లు,
ఒక జూనియర్ కాలేజీ లెక్చరర్